నీళ్లలో పచ్చ చుక్కలు

మా ఊరివాళ్లకు వినోదం కరువైందని మునిసిపాలిటీవారు ఈమధ్యే కనిపెట్టారు. అంతవరకు మాకూ తెలియదు. సాయంత్రమైతే చెరువు గట్టున గడ్డిలో చేరి, పిల్లల తలల్లో పేలు చూస్తూ, ఎవరింట్లో ఎవరు ఎవరిని ఏమన్నారో చెప్పుకుని, వీధి దీపాలు వెలిగే వేళకు లేచి ఇళ్లకు పోయేవాళ్లం. దాన్ని "ఆరుబయట వినోదం" అంటారనీ, దానికో ప్రణాళిక ఉండాలనీ, ప్రణాళిక లేకుండా ఇన్నాళ్లు మేం చేసిందంతా ఊరికే కూర్చోవడం కిందికే వస్తుందనీ ఆఫీసు గేటుకు కట్టిన బ్యానరు చూశాకే అర్థమైంది. బ్యానరు మీద చెరువును సరస్సు అన్నారు. దాంతో దానికి గౌరవం పెరిగింది. వాసన మాత్రం పాతదే.

నాకు వినోదం అక్కర్లేదు. నాకు కావలసింది ఒక కంచె.

మేముండేది చెరువుకు ఎదురుగా, టైలరక్క కొట్టు మీది వాటాలో. రెండు గదులు, అందులో నేను, టైర్ల షాపులో పని చేసే మా ఆయన, మా అత్తయ్య, మూడేళ్ల మా పిల్ల. పిల్లకు మంచి పేరే పెట్టుకున్నాం గానీ వీధి వీధంతా పిడుగు అనే పిలుస్తుంది. మెట్లు దిగితే రోడ్డు, రోడ్డు దాటితే గడ్డి, గడ్డి అయిపోయిన చోట నీళ్లు. ఆ రెంటికీ మధ్య ఏమీ లేదు. ఇక్కడ ఆగు తల్లీ అని చెప్పడానికి ఒక రాయి కూడా లేదు.

పోయిన నెల బంతి నీళ్లలోకి దొర్లింది. పిడుగు దాని వెనకే దొర్లింది. నేను చెప్పులతోనే దూకాను. నీళ్లు దాని ఛాతీ దాకా ఉన్నాయి, అడుగున బురద కాళ్లను పట్టుకుని లాగుతోంది. జబ్బ పట్టి బయటికి ఈడ్చాను. ఆ పూట నాకు ఏడుపు రాలేదు, వణుకొచ్చింది. టైలరక్క తెచ్చి ఇచ్చిన టీ సగం నా ఒళ్లోనే పోసుకున్నాను. పిల్ల మాత్రం ముక్కులోంచి నీళ్లు కారుతుండగా "మళ్లీ" అంది.

అప్పటినుంచి నాకు కూరగాయలు తరుగుతున్నా, టైలరక్క ఇచ్చిన చొక్కాలకు గుండీలు కుడుతున్నా కన్ను కిటికీలోనే. పిల్ల గడ్డి మీద ఉంటే నేను దాని పక్కనే, దాని గౌను అంచు నా గుప్పిట్లో.

"ఆ పిల్లని ఊపిరి పీల్చుకోనివ్వవే," అంటుంది మా అత్తయ్య.

"ఊపిరి పీల్చుకోవాలనే కదత్తయ్యా నా బాధ."

"నీ మొగుడు ఆ నీళ్లలోనే పెరిగాడు. ఏమైంది?"

"అదే చూస్తున్నా కదా, ఏమైందో."

మా అత్తయ్య నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగింది. ఇలాంటి విషయాల్లో కొడుకు పక్షమని పైకి చెప్పుకుంటుందే గానీ, ఆవిడకూ ఆయన సంగతి తెలుసు.

కంచె కోసం మునిసిపల్ ఆఫీసుకు వెళ్లాను. ఇంజనీరు గారు మంచివారు. ఎదురుగా కుర్చీ కూడా చూపించారు. అందులో ఫైళ్లు ఉన్నాయి కాబట్టి నిలబడ్డాను.

"కంచె నా చేతుల్లో లేదమ్మా."

"మరి ఎవరి చేతుల్లో ఉంది సార్?"

"ప్రజల చేతుల్లో. ఈసారి అంతా ప్రజలు చెప్పినట్టే."

"నేనూ ప్రజలే కదండీ?"

"మీరొక్కరే వచ్చి నిలబడితే ప్రజలెలా అవుతారమ్మా? సభకి రండి. అక్కడ అవుతారు."

ప్రజలు కావడానికి నేను ఉతికిన బట్టలు కట్టుకుని, పిడుగుకు జడలు వేసి, సభకు వెళ్లాను.

మునిసిపల్ హాల్లో బల్లలు కలిపేసి వాటి మీద మా ఊరి పటం పరిచారు. మా బిల్డింగు అగ్గిపెట్టంత ఉంది. చెరువు మాత్రం నిగనిగలాడే నీలం రంగులో, తినేయాలనిపించేలా ఉంది. పెద్ద ఊరి నుంచి తెప్పించిన ప్లానరు, గదిలో కూడా టోపీ పెట్టుకుని, గడ్డి ఎలా ఉంటుందో ఎన్నడూ చూడనంత తెల్ల బూట్లతో మధ్యలో నిలబడ్డాడు.

"మిత్రులారా," అన్నాడు, "ఈరోజు ఇక్కడ ఎవరూ మాట్లాడరు. స్టిక్కర్లు మాట్లాడతాయి!"

మాట్లాడడానికే వచ్చిన జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తలా ఒక అట్ట పంచారు, దాని నిండా గుండ్రటి స్టిక్కర్లు. ఎక్కడ ఆడుకోవాలని ఉందో అక్కడ పచ్చది, ఎక్కడ కూర్చోవాలని ఉందో అక్కడ పసుపుది, ఎక్కడ నడవాలని ఉందో అక్కడ ఎర్రది అంటించాలి. అంతే. తరవాత లెక్క చూసి, ఎక్కడ ఏ రంగు ఎక్కువుంటే అక్కడ అది కట్టేస్తారు. ఇంత సులువైన పని కోసం ఇన్నేళ్లు ఎన్నికలు ఎందుకు పెట్టారో అనిపించింది.

నేను ప్లానరు దగ్గరికి వెళ్లాను. "సార్, కంచెకి ఏ రంగు?"

"కంచెకి రంగు లేదు మేడమ్."

"పిల్లలు నీళ్లలో పడకుండా గట్టు పొడుగునా..."

"అర్థమైంది. కానీ చూడండి, కంచె అనేది కోరిక కాదు, అడ్డంకి. మేం కోరికలు సేకరిస్తున్నాం. భయాలు సేకరించడం లేదు."

"భయం లేకుండా ఉండాలనేదే సార్ నా కోరిక."

"చాలా బాగా చెప్పారు," అని ఆయన ఆ మాట ఫోనులో రాసుకున్నాడు. ఎందుకు రాసుకున్నాడో నాకిప్పటికీ తెలియదు. రంగు మాత్రం ఇవ్వలేదు.

నాకు బడి తొమ్మిదిలోనే ఆగిపోయింది. ఎదుటివాళ్లు గబగబా మాట్లాడితే నా మాటలు గొంతులో ఒకదాని మీద ఒకటి పడి ఇరుక్కుంటాయి. ఇంకేదో అనాలని నోరు తెరిచాను, అది బయటికి వచ్చేలోపు నా గుప్పిలి ఖాళీగా ఉందని తెలిసింది. గౌను లేదు. గౌనులోని పిల్లా లేదు.

పిడుగు బల్ల అవతల కుర్చీ ఎక్కి, పటం మీద బోర్లా పడుకుని ఉంది. చెరువు నట్టనడుమ పచ్చ స్టిక్కర్లు అంటిస్తోంది. దాని అట్టలోవి అయిపోతే పక్కనున్న తాతలు తమవి కూడా ఇచ్చేశారు. ఏ రంగు ఎక్కడ అంటించాలో తేల్చుకోలేక అవస్థపడుతున్న పెద్దమనుషులు, ఒక పని తప్పిందన్నట్టు నిశ్చింతగా బిస్కెట్లు తింటున్నారు.

"ఇదిగో తల్లీ, నాది కూడా తీసుకో," అంటున్నారు ఒకాయన.

నేను పరుగెత్తి ఒక స్టిక్కరు పీకబోయాను.

"ఆగండి!" అని ప్లానరు కేక పెట్టాడు. "ముట్టుకోకండి! అది ప్రజాభిప్రాయం!"

"కాదు సార్, మా పిల్ల."

"పిల్లలు ప్రజలు కారా మేడమ్?"

"నీలం బాగుందని అంటించింది సార్. అది చెరువని కూడా దానికి తెలీదు."

"అదే కదా అందం! కల్మషం లేని కోరిక!" అని ఫొటో తీశాడు. ముక్కు మీద ఒక పచ్చ స్టిక్కరుతో పిడుగు పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది. ఇంట్లో ఎన్నిసార్లు బతిమాలినా ఫొటోకి అలా నవ్వదు.

కొన్నాళ్లకు హాలు ముందు బోర్డు మీద ఫలితం అంటించారు. "ప్రజలు ముక్తకంఠంతో కోరినది: సరస్సు మధ్య తేలియాడే ఆటస్థలం." కింద రంగుల బొమ్మ. నీళ్ల మధ్య చెక్క తెప్ప, దాని మీద జారుడుబల్ల, ఉయ్యాలలు, గాల్లోకి ఎగురుతున్న పిల్లలు. పిల్లలందరూ ఒకే రకంగా నవ్వుతున్నారు. అమ్మలెవరూ లేరు. బొమ్మ గీసినవాడికి అమ్మలను చేర్చాలని తోచకపోవడం మంచిదే అయింది, చేరిస్తే వాళ్ల మొహాలు ఎలా గీయాలో తెలిసేది కాదు. పైన మా పిడుగు ఫొటో, ముక్కు మీద చుక్కతో సహా.

మా ఆయన ఆ బొమ్మ ఫోనులో తీసుకొచ్చి టైర్ల షాపులో అందరికీ చూపించారు. "మా అమ్మాయి ప్లాను," అని చెప్పుకున్నారట.

"ఊరు దాని మాట వింటోందిరా," అంది అత్తయ్య. "ఇంట్లో మన మాట ఎవరూ వినరు గానీ."

నేను మళ్లీ ఇంజనీరు గారి దగ్గరికి వెళ్లాను. కుర్చీలో ఫైళ్లు పెరిగాయి.

"సార్, ఆ స్టిక్కర్లు మా పిల్ల అంటించింది."

"తెలుసమ్మా. నేను అక్కడే ఉన్నాను కదా."

"మరి మీరైనా చెప్పచ్చు కదండీ పైవాళ్లకి?"

"ఏమని చెప్పమంటారు? ప్రజాభిప్రాయానికి మూడేళ్లని చెప్పనా?"

ఆయన నవ్వలేదు. నిజంగానే అడుగుతున్నట్టున్నారు.

"మరి గట్టుకి కంచె?"

"ఇంకెక్కడి కంచె? ఆటస్థలం నీళ్లలో ఉంటే, గట్టుకి కంచె వేస్తే పిల్లలు ఆటకి ఎలా వెళ్తారు? మొన్న మీ కంచెకి రంగు లేదు. ఇప్పుడు చోటు కూడా లేదు."

ఆ మెట్లు ఎలా దిగానో గుర్తు లేదు. కంచె అడగడానికి వెళ్లి, పిల్లలందరినీ చెరువు మధ్యకు పంపించే ఏర్పాటు చేసి వచ్చినదాన్ని బహుశా నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మా ఆయనకు నా మీద జాలి వేసినట్టుంది. ఆదివారం పూట షాపులోని పాత టైర్లు తోపుడు బండి మీద తెచ్చి, గడ్డి అంచున వరసగా సగం దాకా పాతిపెట్టారు. పిల్లలు వాటి మీద కూర్చున్నారు, వాటిలోంచి దూరారు, వాటిని దాటి మాత్రం వెళ్లలేదు. ఆ ఒక్క సాయంత్రం నేను వెనక్కి వాలి కూర్చున్నాను. మర్నాడు మునిసిపాలిటీ బండి వచ్చి టైర్లన్నీ పీకి తీసుకుపోయింది. సరస్సు అందానికి భంగమట. చెత్త తీసుకుపొమ్మని నెలల తరబడి ఫోన్లు చేస్తే రాని బండి అది. అందం సంగతి వచ్చేసరికి తెల్లారేసరికల్లా వచ్చింది.

"ఇంకో సభ ఉందిట కదా?" అంది టైలరక్క, నోట్లో గుండుసూదులు పెట్టుకుని. ఆవిడకు ఇద్దరు మగపిల్లలు. వాళ్లను ఆవిడే కోతులంటుంది, ఇంకెవరైనా అంటే ఊరుకోదు.

"ధ్రువీకరణ సభట. అక్కడా స్టిక్కర్లేనట అక్కా."

"ఉండనీ. స్టిక్కర్లే కదా మాట్లాడేది? మనం పదిమందిమి పోయి గట్టిగా మాట్లాడిద్దాం."

"కంచెకి రంగు లేదంటారు."

టైలరక్క చేతిలోని సుద్దముక్కతో గుడ్డ మీద వరసగా చుక్కలు పెట్టింది. "ఇదేంటి?"

"కుట్టు గీత."

"చూశావా, నేను గీత గీయలేదు. చుక్కలే పెట్టాను. అయినా నీకు గీతలా కనపడింది. గడ్డి అంచు పొడుగునా చుక్క పక్కన చుక్క అంటిస్తే అది కంచె కాక మరేంటి? కళ్లున్నవాడికి కనపడదా?"

నాకు చాలా నచ్చింది. కళ్లున్నవాళ్ల మీద మాకు ఇంకా నమ్మకం ఉండేది.

రెండో సభకు పిడుగుతో సహా మా వీధి ఆడవాళ్లందరం వెళ్లాం. "నేనూ వస్తా, బిస్కెట్లు పెడతారన్నావుగా," అని అత్తయ్య కూడా బయల్దేరింది. ఈసారి చైర్మన్ గారు కూడా వచ్చి కూర్చున్నారు. పెద్ద మనిషి, అన్ని రకాలుగానూ. ఒక్కసారి లేచి నిలబడి రెండు మాటలు చెప్పేసరికే ఆయాసం వచ్చింది.

పచ్చ స్టిక్కర్లు మా దాకా రాలేదు, అవన్నీ మొదటి సభలోనే మా పిల్ల వాడేసిందట. పసుపువి పెద్దవాళ్లు తీసేసుకున్నారు. ఎర్రవి మాత్రం దండిగా మిగిలాయి. మా ఊళ్లో నడవాలని కోరిక ఉన్నవాళ్లు ఎవరూ లేరు. నడవక తప్పనివాళ్లే అందరూ. సరే, రంగు ఏదైతేనేం అనుకుని మేం అందరం గడ్డి అంచు పట్టుకుని వరసగా ఎర్ర చుక్కలు అంటించుకుంటూ వెళ్లాం. ఒకరి చుక్క ఇంకొకరి చుక్కకు తగిలేలా, చీమ కూడా దూరనంత దగ్గరగా. టైలరక్క వెనకనుంచి వచ్చి వంకర పోయినవి సరిచేసింది. అయ్యాక మేమే దూరం జరిగి చూసుకున్నాం. ఎవరు చూసినా అది కంచే.

ప్లానరు టోపీ తీసేశాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయనుకుంటాను.

"మిత్రులారా! ఇది... ఇది అద్భుతం! నీటి అంచున నడక దారి!"

"కంచె సార్," అన్నాను.

"ఎరుపంటే నడక మేడమ్."

"అది గీత సార్. అడ్డంగా ఉంది చూడండి. కంచె."

"అవును, పొడుగాటి నడక దారి! ఇంత స్పష్టమైన ప్రజాభిప్రాయం నా ఉద్యోగంలోనే చూడలేదు!"

చైర్మన్ గారు కుర్చీలో ముందుకు వంగారు. "నడక దారా? మా డాక్టరు కూడా అదే అంటున్నాడయ్యా. రోజూ నడవకపోతే లాభం లేదంటున్నాడు. నీళ్ల పక్కన గాలి కూడా బాగుంటుంది."

"ఎర్ర పలకలు పరుద్దాం సార్, సరిగ్గా నీటి అంచున," అన్నాడు ప్లానరు.

"మరి ఆ తేలే ఆటస్థలం?" అని ఇంజనీరు గారు మెల్లిగా గుర్తు చేశారు.

"అది రెండో దశలో," అన్నారు చైర్మన్ గారు. మా ఊళ్లో రెండో దశ అంటే ఏమిటో అందరికీ తెలుసు. పార్కులో ఫౌంటెను రెండో దశలో ఉంది. నాకు పెళ్లి కాకముందునుంచీ అక్కడే ఉంది.

చెరువు మధ్యకు పిల్లలను పంపే గండం తప్పింది, మంచిదే. కానీ గట్టు గట్టులాగే ఉంది. గడ్డికీ నీళ్లకూ మధ్య ఇప్పుడు నున్నటి పలకల దారి ఒకటి వస్తుంది, పిల్లలు ఇంకా వేగంగా పరుగెత్తడానికి. నేను చెయ్యెత్తాను.

"సార్, పిల్లలకి కంచె..."

"చూడమ్మా," అన్నారు చైర్మన్ గారు, చాలా ఓపిగ్గా. "అందరికీ అందమైన సరస్సు చూడాలని ఉంటుంది. కంచె కడితే చూపు ఆగిపోతుంది. పిల్లల్ని తల్లులు చూసుకోవాలి. మునిసిపాలిటీ చూసుకుంటుందా?"

హాల్లో కొందరు తలలూపారు. నాకు మొహం మండిపోయింది. చూసుకోవడం గురించి నాకు చెబుతున్నాడీయన! రెప్ప కూడా లెక్కపెట్టుకుని వేసేదాన్ని నేను.

సరిగ్గా అప్పుడే పిడుగు నన్ను తప్పించుకుంది. బిస్కెట్ల పళ్లెం కోసం బల్ల కింద దూరి, అవతల తేలి, తల వంచుకుని పరుగెత్తి వెళ్లి చైర్మన్ గారి మోకాళ్లను ఢీకొట్టింది. ఆయన చేతిలోని టీ ఆయన బూట్ల మీద పడింది.

"ఎవరిదమ్మా ఈ పిల్ల!"

నాకు కంఠతా వచ్చిన మాట ఒకటుంది. "సారీ అండీ, ఇంకెప్పుడూ చెయ్యదండీ." ఇంటి ఓనరుతో, బస్సులో కండక్టరుతో, ఆస్పత్రిలో నర్సుతో, రోజుకోసారైనా అంటూనే ఉంటాను. పిల్ల పుట్టాక నేను ఎక్కువ సార్లు అన్న మాట అదే. ఆ రోజు కూడా నాలిక చివరికి వచ్చింది. అంతలో పటం మీద ఆ ఎర్ర చుక్కల వరస కనిపించింది. ఇటు గడ్డి. మధ్యలో చైర్మన్ గారు నడిచే దారి. అటు నీళ్లు.

"నాదే సార్," అన్నాను. "రోజూ అక్కడే ఆడుతుంది."

"ఎక్కడ?"

"మీరు నడుస్తారే, ఆ దారి పక్కనే సార్. గడ్డిలో."

ఆయన బూటు తుడుచుకుంటూ ఆగారు. "దారి మీదికి కూడా వస్తుందా?"

"వస్తుందండీ. ఇలాగే వస్తుంది. తల వంచుకుని."

టైలరక్క నా మొహంలోకి ఒక్కసారి చూసింది. గుడ్డ చూడగానే దాని వెడల్పు చెప్పగల మనిషి. ఆవిడకు వెంటనే అందింది.

"ఈ పిల్ల నయం సార్," అంది. "మావాళ్లిద్దరూ మగపిల్లలు. బంతితో వస్తారు."

"సైకిళ్లు కూడా సార్," అంది వెనకనుంచి ఒకావిడ. "పలకలు పరిస్తే ఇంకేం, ఎవరూ వాళ్లని ఆపలేరు."

"మా మనవడు స్కేటింగు నేర్చుకుంటానంటున్నాడు," అంది మా అత్తయ్య. ఆవిడకు మనవడు లేడు.

చైర్మన్ గారి మొహంలో నెత్తురు తగ్గడం నేను చూస్తూనే ఉన్నాను. "ఏమయ్యా ఇంజనీరూ, నేను నడుస్తుంటే వీళ్లందరూ వచ్చి మీద పడితే ఎలా? నడక దారికీ ఈ గడ్డికీ మధ్య ఏదో ఒకటి ఉండాలి కదా?"

ఇంజనీరు గారు తల ఎత్తలేదు. కాగితం మీద రాసుకుంటూనే, "కంచె వేయొచ్చు సార్," అన్నారు.

"కానీ సరస్సు చూపు సార్..." అన్నాడు ప్లానరు.

"నాకు కనపడుతుంది కదయ్యా! నేను అటువైపే కదా ఉంటా!"

దానికి ప్లానరు దగ్గర ఏ రంగూ లేదు.

"నడుం ఎత్తు చాలా?" అని అడిగారు చైర్మన్ గారు, ఇంజనీరును కాదు, నన్ను. పిల్లల బెడద గురించి తెలిసిన మనిషినని నాకు ఒక్కసారిగా హోదా వచ్చేసింది.

"మావాళ్లు ఎక్కేస్తారండీ," అన్నాను. "భుజం ఎత్తుంటే మీకు నిశ్చింత."

"సందులు కూడా పెద్దవి వద్దు సార్," అంది టైలరక్క. "తలలు దూరుస్తారు."

"గేటు?"

"అమ్మో, గేటొద్దు సార్! గేటుంటే వచ్చేస్తారు. మీరు అటు చివర ఆఫీసు వైపునుంచి ఎక్కండి. మేం అటు రాం."

"ఇంత బాగా సహకరిస్తున్నారు," అన్నారు చైర్మన్ గారు, మొదటిసారి మమ్మల్ని మెచ్చుకుంటూ. "తల్లులంటే ఇలా ఉండాలి."

బయటికి వచ్చాక మేం మూల తిరిగేదాకా ఎవరం నవ్వలేదు. మూల తిరిగాక టైలరక్క రోడ్డు మీదే చతికిలబడింది. అత్తయ్య కళ్లు తుడుచుకుంటూ, "దొంగమొహమా, ఎప్పుడు నేర్చావే ఇవన్నీ?" అంది నాతో. మా పెళ్లయ్యాక ఆవిడ నన్ను ముద్దుగా పిలిచింది అదే మొదలు.

రెండో దశకి వెళ్లేవి ఎలాగూ వెళ్తాయి, చైర్మన్ గారి రక్తపోటు మాత్రం మొదటి దశలోనే ఉంటుంది. కంచె ఇట్టే లేచింది. మంచి ఇనుప కంచె, చిక్కటి ఊచలు, నా భుజం దాకా. తుప్పు పట్టకుండా రంగు కూడా వేశారు. మూడేళ్ల పిల్ల ప్రాణానికి దొరకని ఇనుము, ఒక పెద్దమనిషి మోకాళ్లకు ఎంత గట్టిది దొరికిందో! మధ్యలో ఒక పలక బిగించారు: "పాదచారుల రక్షణార్థం. పిల్లలకు ప్రవేశం లేదు." ప్లానరు వచ్చి ఫొటోలు తీసుకుని, ప్రజలే కోరి కట్టించుకున్న నడక దారని ఏదో పోటీకి పంపుతానని వెళ్లిపోయాడు.

మొదటి సాయంత్రం పిడుగు ఊచలు పట్టుకుని ఊగింది, ఎక్కబోయింది, కాలు దూర్చబోయింది. కుదరలేదు. నావైపు తిరిగి, ఈ పని నీదేనా అన్నట్టు చూసింది. తరవాత మర్చిపోయి టైలరక్క కోతుల వెనక పరుగెత్తింది. నేను గడ్డి మీద కూర్చున్నాను. కాళ్లు చాపుకున్నాను. పిల్ల నాకు దూరంగా, నీళ్లకు దగ్గరగా ఆడుతోంది. నా గుండె దాని మానాన అది కొట్టుకుంటోంది. ఇన్నాళ్లకు పిల్ల నీళ్లలో పడిన నాటి వణుకు ఒంట్లోంచి దిగిపోయినట్టనిపించింది. అందరిముందూ ఏడుపొస్తే బాగుండదని గడ్డి పీకుతూ కూర్చున్నాను.

"ఇక హాయిగా ఉండు," అంది అత్తయ్య. "పిల్ల ఎక్కడికీ పోలేదు."

"ఉన్నానత్తయ్యా."

ఉన్నాను కూడా, చైర్మన్ గారు వచ్చేదాకా.

ఆయన ఆఫీసు వైపునుంచి ఎక్కి, కంచె అవతల, కొత్త పలకల మీద నడుచుకుంటూ వస్తున్నారు. చెవి దగ్గర ఫోను. ఎవరినో గట్టిగా కోప్పడుతున్నారు. కోపం వచ్చినప్పుడల్లా పక్కకు ఒక అడుగు, నీళ్లవైపు. పలకలు అప్పుడే కడిగినట్టున్నారు, తడిగా మెరుస్తున్నాయి. వాటికీ నీళ్లకూ మధ్య ఏమీ లేదు. ఆ పెద్ద శరీరం, ఆ ఆయాసం, ఆ తోలు బూట్లు. పడితే బురద ఎలా లాగుతుందో నాకు తెలుసు. పైగా ఈసారి నేను దూకడానికి కూడా లేదు, మధ్యలో నా భుజం ఎత్తు కంచె, గేటు కూడా లేకుండా.

నాకు తెలియకుండానే లేచి ఊచల దగ్గరికి పరుగెత్తాను. "సార్! సార్! ఇటు జరగండి! నీళ్లు సార్!"

ఆయన ఉలిక్కిపడి ఆగారు. ఫోను చెవి దగ్గరినుంచి తీశారు. మడమ అంచు మీదే ఉంది.

"మళ్లీ ఏం కావాలమ్మా?"

"నాకేం వద్దు సార్. మీకే. అటు పక్క కూడా ఒక కంచె వేయించుకుంటే..."

ఆయన చెరువు వైపు చూశారు. కంచె ఇవతలున్న పిల్లల వైపు చూశారు. నాది ఎంత తెలివితక్కువ మాటో అర్థమైనట్టు జాలిగా నవ్వారు.

"నాకెందుకమ్మా? అటునుంచి పిల్లలు రారు కదా!"

అని, ఫోను మళ్లీ చెవికి పెట్టుకుని సాగిపోయారు. ఆయన ఆ చివరికి చేరి, దిగి, రోడ్డు ఎక్కేదాకా నేను ఊచలు పట్టుకుని అలాగే చూస్తూ నిలబడ్డాను.